రిపోర్టులో లెక్క తప్పినప్పుడు: క్లౌడు డేటాబేసు కనెక్షను తప్పులను ఎక్కడ వెతకాలి



హాజరు రిపోర్టు గురించి పోయిన నెలలో ఆఫీసుకు చాలా ఫోన్లు వచ్చినాయి. కొందరు నేరుగా వచ్చి అడిగినారు. అందులో ఒక తండ్రి తిరుప్పూరులో బనియను కంపెనీలో రాత్రి షిఫ్టు చేసే మనిషి. ఫోనులో రిపోర్టు తెరిచి చూస్తే తన కొడుకు 20 పనిదినాలలో 12 దినాలే బడికి వచ్చినట్టు ఉన్నది, 60 శాతం. పొద్దున బ్యాగు తగిలించుకొని పోయినవాడు ఎక్కడికి పోతున్నాడో అని ఆయన పిల్లవాణ్ణి కొట్టినాడు. మరునాడు బడికి వచ్చి, "ఏం అయ్యవారూ, వీడు ఎనిమిది దినాలు ఎక్కడ తిరిగినాడో మీకయినా తెలుసునా?" అని అడిగినాడు. రిజిస్టరు తీసి చూస్తే పిల్లవాడు ఒక్క దినం కూడా మానలేదు.

తప్పు పిల్లవాడిది కాదు, మాది. రిపోర్టుకూ డేటాబేసుకూ మధ్య కనెక్షను తెగిపోయి 8 పనిదినాలు అయినా మేము గమనించలేదు. తండ్రి ముందరే ఆ పిల్లవాడికి ఆ మాట చెప్పినాను. ఇట్లాంటిది మళ్ళీ జరిగితే ఎక్కడ చూడాలో మా ఉపాధ్యాయులకూ, ప్లస్ టూలో కంప్యూటరు సైన్సు తీసుకున్న పిల్లలకూ, కంపెనీలలో ఇదే పని చేసే తల్లిదండ్రులకూ ఉపయోగపడాలని దీన్ని రాస్తున్నాను. నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను, బి.ఎడ్. చదివినవాణ్ణి. తెలిసినవాళ్ళ దగ్గర కూర్చొని, చేతులు కాల్చుకొని నేర్చుకున్నది ఇది.

ముందు ఆ 8 దినాలలో ఏమి జరిగిందో చెబుతాను. మన బడిలో హాజరు క్లౌడులో ఉన్న డేటాబేసులో నమోదు అవుతుంది. రిపోర్టు సాఫ్టువేరు దినానికి ఒకసారి, తెల్లవారుజామున, దాంట్లోనించి డేటాను తెచ్చుకుంటుంది. దీన్నే రిఫ్రెష్ అంటారు. ఒక ఉపాధ్యాయుడు వేరే ఊరికి మారిపోయినందువల్ల మేము డేటాబేసు పాస్‌వర్డు మార్చినాము. మార్చవలసిందే, అందులో తప్పు లేదు. ఆఫీసు కంప్యూటరులో కొత్త పాస్‌వర్డు వేసినాము, రిపోర్టు చక్కగా తెరుచుకున్నది. పని అయిపోయిందనుకున్నాము. కానీ క్లౌడులో తనంతట తాను రిఫ్రెష్ అయ్యే రిపోర్టుకు పాస్‌వర్డు వేరేగా దాచి ఉంటుంది. అది పాతదే నిలిచిపోయింది.

పవర్ బీఐలో షెడ్యూలు రిఫ్రెష్ వరుసగా 4 సార్లు విఫలమయితే ఆ షెడ్యూలునే ఆపివేస్తారు. విఫలమయినప్పుడు ఈమెయిలు వస్తుంది, కానీ మామూలుగా అది ఆ డేటాసెట్టు ఎవరి పేరుతో ఉన్నదో వాళ్ళకే పోతుంది. మన డేటాసెట్టు మారిపోయిన ఆ ఉపాధ్యాయుని పేరుతోనే ఉండేది. నాలుగు ఈమెయిళ్ళు ఎవరూ తెరవని పెట్టెలో పడినాయి. అయిదో దినంనించి రిఫ్రెష్ ప్రయత్నమే లేదు కాబట్టి ఈమెయిలూ లేదు. రిపోర్టు మాత్రం అందంగా తెరుచుకుంటూనే ఉన్నది, పాత అంకెలతో.

పాత అంకెలు గైరుహాజరుగా ఎట్లా మారినాయి? రిపోర్టులో రాసిన సూత్రం "ఈ దినం వరకు ఎన్ని పనిదినాలు" అని చూసేటప్పుడే లెక్క వేస్తుంది. "ఎన్ని దినాలు వచ్చినాడు" అన్నది మాత్రం చివరిసారి దిగిన డేటానించి తీసుకుంటుంది. పైన 20, కింద 12. మధ్యలోని 8 దినాలు పిల్లల నెత్తిన పడినాయి, అందరి పిల్లల నెత్తినా. ఒక్కడు మాత్రం దెబ్బలు తిన్నాడు.

ఇప్పుడు రెండు మార్పులు చేసినాము. రిపోర్టు తలమీద "డేటా చివరగా వచ్చిన తేదీ, సమయం" పెద్ద అక్షరాలలో వేసినాము. పనిదినాల లెక్కను ఈ దినం వరకు కాకుండా ఆ తేదీ వరకే వేయిస్తున్నాము. తల్లిదండ్రులు రిపోర్టు తెరవగానే ముందు ఆ తేదీ చూడండి. అది నిన్నటిదో ఈనాటిదో కాకపోతే కింది అంకెలను నమ్మవద్దు, బిడ్డను ఏమీ అనవద్దు, ఆఫీసుకు చెప్పండి.

ఎర్రర్ చూపించే రిపోర్టు కంటే తప్పు చూపించే రిపోర్టు ప్రమాదం అని నా అభిప్రాయం. ఎర్రర్ వస్తే అది కనీసం తన బాధ తాను చెప్పుకుంటుంది. ఇక ఆ ఎర్రర్లను చదివే విధానానికి వస్తాను.

రిపోర్టు డేటాబేసును చేరాలంటే కొన్ని మెట్లు దాటాలి. ముందు సర్వరు పేరును అంకెల చిరునామాగా మార్చుకోవాలి. ఆ చిరునామాకు దారి తెరిచి ఉండాలి. వాకిలి దగ్గర కాపలా ఉన్న ఫైర్‌వాల్ లోపలికి రానివ్వాలి. లోపల యూజరు పేరు, పాస్‌వర్డు సరిపోవాలి. ఆ యూజరుకు ఆ టేబుల్ చూసే అనుమతి ఉండాలి. అప్పటికి డేటాబేసు మేలుకొని ఉండాలి. ఏ మెట్టు దగ్గర ఆగినామో ఎర్రర్ సంఖ్యే చెబుతుంది. చాలామంది ఆ పెట్టెను చూడగానే భయపడి మూసేస్తారు. మా ఆఫీసులోనూ అంతే, "ఏదో ఇంగ్లీషులో వచ్చింది సార్, మూసేసినాను" అంటారు. మూయకండి. ఫోటో తీయండి. కిందనో పక్కనో ఉండే అంకె మనకు కావాలి.

కింద చెప్పే సంఖ్యలు మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, దాని క్లౌడు రూపమయిన అజూర్ ఎస్‌క్యూఎల్‌వి.

11001 వస్తే "అటువంటి పేరుగల యంత్రం తెలియదు" అని అర్థం. ఇది మొదటి మెట్టు. సర్వరు పేరు తప్పు కొట్టి ఉంటారు, లేకుంటే ఇంటర్నెట్టే లేదు. అజూర్ సర్వరు పేరు చివర డాట్ డేటాబేస్ డాట్ విండోస్ డాట్ నెట్ అని ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన పేరును అట్లే అతికిస్తే వెనకాల ఒక ఖాళీ స్థలం కూడా అతుక్కొని వస్తుంది. కంటికి కనబడదు. ముందర హెచ్‌టీటీపీఎస్ చేర్చేవాళ్ళూ ఉన్నారు, డేటాబేసు పేరుకు అది అక్కరలేదు. విండోస్ కమాండు పెట్టెలో ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి పక్కన సర్వరు పేరు ఇస్తే అంకెల చిరునామా రావాలి. వస్తే ఈ మెట్టు దాటినట్టే.

53 గానీ, 40 గానీ, "సమయం మించిపోయింది" అని గానీ వస్తే రెండో మెట్టు అనుమానించాలి, అంటే దారి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433 అనే పోర్టు ద్వారా మాట్లాడుతుంది. కొన్ని ఆఫీసులలో, కాలేజీలలో, వెబ్‌సైట్లు చూసే 443 పోర్టును మాత్రం వదిలి మిగిలినవన్నీ మూసి ఉంచుతారు. గూగుల్ తెరుచుకుంటుంది, యూట్యూబు ఆడుతుంది, డేటాబేసు మాత్రం రాదు. "నెట్టు బాగానే ఉన్నది సార్" అన్న మాటతో ఇక్కడ పని జరగదు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే ఆదేశానికి సర్వరు పేరు, పోర్టు 1433 ఇచ్చి చూడండి. చివరి వరుసలో ట్రూ అని వస్తే దారి ఉన్నది, ఫాల్స్ అని వస్తే లేదు. అజూర్ నెట్‌వర్కు లోపలినించి వచ్చేవాళ్ళకూ, కనెక్షను విధానాన్ని రీడైరెక్ట్ అని పెట్టుకున్నవాళ్ళకూ 11000 నించి 11999 వరకు ఉన్న పోర్టులు కూడా కావాలి. బయటినించి వచ్చే మామూలు బడికి 1433 చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత అలవాటుతో పింగ్ చేసి చూడకండి. అజూర్ ఎస్‌క్యూఎల్ పింగ్‌కు జవాబివ్వదు. జవాబు రాలేదని సర్వరు చచ్చిపోయిందనుకొని మేము ఒక పూట వృథా చేసినాము.

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పరీక్ష ఫోను హాట్‌స్పాట్. ఆఫీసు బ్రాడ్‌బ్యాండు తీసివేసి ఫోనునించి నెట్టు ఇచ్చి మళ్ళీ ప్రయత్నించండి. పనిచేయకపోయినా నిరాశ పడవద్దు, ఎర్రర్ మారిందా అని చూడండి. ఆఫీసు నెట్టులో "సమయం మించిపోయింది" అని వచ్చి, ఫోను నెట్టులో 40615 వచ్చిందంటే మంచి వార్తే. 40615 సర్వరు వాకిలినించి వచ్చే జవాబు. అంటే ఫోను దారిలో వాకిలి దాకా పోయినాము, ఆఫీసు దారిలో అంతవరకు కూడా పోలేదు. తప్పు ఆఫీసు నెట్‌వర్కులో ఉన్నదని తేలిపోయింది.

40615 అర్థం "ఈ ఐపీ చిరునామానించి వచ్చేవాళ్ళకు అనుమతి లేదు" అని. ఆ సందేశంలోనే మన ఐపీ చిరునామా కూడా రాసి ఉంటుంది. సర్వరు ఫైర్‌వాల్ నిబంధనలలో దాన్ని చేరిస్తే సరి. చేర్చినాక అమలులోకి రావడానికి 5 నిమిషాల వరకు పట్టవచ్చు. అందుకని చేర్చిన క్షణంలోనే రాలేదని మళ్ళీ మళ్ళీ మార్చకండి.

కానీ నిన్న చేర్చినాము కదా, ఈ దినం మళ్ళీ అదే ఎర్రర్ ఎందుకు? ఇండ్లకూ చిన్న ఆఫీసులకూ ఇచ్చే కనెక్షనులలో ఐపీ చిరునామా స్థిరంగా ఉండదు. కరెంటు పోయి రౌటరు ఆగి వెలిగినప్పుడు మారిపోవచ్చు. పైగా ప్రపంచంలో పాత రకం ఐపీ చిరునామాలు కొరత కాబట్టి చాలా కంపెనీలు ఎన్నో ఇండ్లకు కలిపి బయటికి ఒకే చిరునామా చూపిస్తాయి. మీ రౌటరులో బయటి చిరునామా 100.64 నించి 100.127 మధ్య మొదలయితే మీరూ ఆ పద్ధతిలో ఉన్నట్టే. పిల్లలు ఇంట్లో చూడవచ్చు, ఏమీ మార్చకుండా చూడటం వరకే. ఇట్లాంటిచోట మన చిరునామాను అనుమతిస్తే, అదే చిరునామా పంచుకునే ఇతరులకూ వాకిలి దాకా దారి ఇచ్చినట్టే. స్థిరమయిన చిరునామా కొనుక్కోవడం ఒక మార్గం. ఉపాధ్యాయులెవరూ డేటాబేసుకు నేరుగా పోకుండా ప్రచురించిన రిపోర్టును మాత్రం చూడటం ఇంకొక మార్గం. మేము రెండోది ఎంచుకున్నాము, ఖర్చు తక్కువ.

ఈ ఎర్రర్‌తో విసిగిన ఎవరో ఒకరు తప్పకుండా ఒక సలహా చెబుతారు: 0.0.0.0 నించి 255.255.255.255 వరకు అన్నిటినీ అనుమతించు, పీడ వదులుతుంది అని. పని అవుతుంది, ఎర్రర్ పోతుంది, నిజమే. అది వాకిలి తలుపు ఊడదీసి పక్కన పెట్టడం. లోపల ఉన్నవి మీ బిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాలు, మీ ఫోను నంబర్లు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి ప్రత్యేకమయిన కాపుదల అడుగుతుంది. చట్టం లేకపోయినా అది మా బాధ్యతే. అజూర్‌లో "అజూర్ సేవలను అనుమతించు" అని ఒక గుర్తు పెట్టె ఉంటుంది. అది మన ఖాతాలోని సేవలకే అని చాలామంది అనుకుంటారు. కాదు, అజూర్ వాడే ఇతర ఖాతాదారుల యంత్రాలకు కూడా వాకిలి దాకా దారి ఇస్తుంది. పవర్ బీఐ క్లౌడునించి రిఫ్రెష్ కావాలంటే కొన్నిసార్లు దాన్ని పెట్టక తప్పదు. అప్పుడు పాస్‌వర్డు గట్టిగా ఉండాలి, ఆ యూజరుకు చదివే అనుమతి తప్ప రాసే అనుమతి ఉండకూడదు.

18456 వస్తే వాకిలి దాటినాము, లోపల కూర్చున్నవాళ్ళు మనలను గుర్తించలేదు. పాస్‌వర్డు తప్పు, లేకుంటే యూజరు పేరు తప్పు, లేకుంటే ఆ యూజరు ఆ డేటాబేసులో లేడు. పాస్‌వర్డు సరయినదే అని ఒట్టు పెట్టుకున్నా రాకపోతే, సాఫ్టువేరు పాతదాన్ని జ్ఞాపకం పెట్టుకొని అదే పంపుతూ ఉంటుంది. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో ఫైలు మెనూలో డేటా సోర్సు సెట్టింగులు అని ఉన్నది. అక్కడికి పోయి పాత అనుమతిని తీసేసి మళ్ళీ ఇవ్వాలి. ఎక్సెల్‌లో కూడా డేటా భాగంలో ఇట్లాంటిదే ఉన్నది. క్లౌడులో ప్రచురించిన రిపోర్టుకు వేరేగా అక్కడే మార్చాలి, మేము మరిచినది అదే. ఇంకొకరి పేరుతో ఉన్న డేటాసెట్టును మన పేరుకు మార్చుకుంటే పాస్‌వర్డు మళ్ళీ ఇవ్వవలసి ఉంటుందని కూడా గుర్తు పెట్టుకోండి. పాస్‌వర్డులో సెమికోలను పెట్టకుండా ఉంటే మేలు. కనెక్షను వాక్యంలో ఒక భాగం ముగిసిందని చెప్పే గుర్తు అదే, పాస్‌వర్డు సగంలో తెగిపోతుంది.

40613 చాలా మంచి ఎర్రర్. "డేటాబేసు ఇప్పుడు అందుబాటులో లేదు, కాసేపాగి ప్రయత్నించండి" అంటుంది. నిజంగానే ఆగాలి. ఖర్చు తగ్గించడానికి సర్వర్‌లెస్ అనే పద్ధతిలో పెట్టిన డేటాబేసు, ఎవరూ వాడకపోతే నిద్రపోతుంది. పొద్దున మొదట తట్టినవాళ్ళకు ఈ ఎర్రర్ వస్తుంది. ఆ తట్టడంతోనే మేలుకోవడం మొదలుపెడుతుంది. ఒక నిమిషం ఆగి మళ్ళీ తెరిస్తే వస్తుంది. షెడ్యూలు రిఫ్రెష్ మొదటిసారి విఫలమయి రెండోసారి సరిగా వస్తూ ఉంటే ఇదే కారణం కావచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం ఎంత ఆగినా రాదు. అజూర్‌లో ఉచిత పథకం కింద నెలకు ఒక డేటాబేసుకు 1,00,000 వీకోర్ సెకండ్లు ఇస్తారు. చిన్న బడికి చాలుతుందనిపించే అంకె. పిల్లలూ, లెక్క వేసి చూడండి. డేటాబేసు మేలుకొని ఉన్నంతసేపు కనీసం అర వీకోర్ చొప్పున ఖర్చు అవుతుంది. అంటే 2,00,000 సెకండ్లు, సుమారు 55 గంటలు. మేము ఏం చేసినామంటే, పెద్దమనిషి తరహాగా ఉంటుందని ఆఫీసు గోడకు ఒక టీవీ తగిలించి, హాజరు రిపోర్టు నిమిషానికోసారి నేరుగా డేటాబేసును అడిగేటట్టు పెట్టినాము. దినానికి 10 గంటలు డేటాబేసును నిద్రపోనివ్వలేదు. 55 గంటలు ఎన్ని దినాలకు వస్తాయి? ఆరు పనిదినాలకు కూడా రావు. పరిమితి అయిపోతే వచ్చే నెల వరకు ఆపి ఉంచు అని మేమే ఎంచుకొని ఉన్నాము, డబ్బు కట్టవలసి వస్తుందేమో అని. అది అట్లే ఆగిపోయింది. ఇప్పుడు టీవీలో బడి ప్రకటనలు తిరుగుతున్నాయి.

మన అవినాశిలో మొసలి మింగిన పిల్లవాణ్ణి సుందరమూర్తి నాయనారు పాట పాడి తిరిగి రప్పించిన కథ ఇక్కడ పుట్టినవాళ్ళకు ఎవరికీ చెప్పనక్కరలేదు. డేటాబేసు ఆగిపోయినప్పుడు "అంతా పోయింది సార్" అని మా గుమాస్తా కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడు నాకు ఆ కథే జ్ఞాపకం వచ్చింది. కానీ ఇక్కడ మొసలి ఏదీ మింగలేదు. కనెక్షను తెగితే డేటా పోదు, అక్కడే ఉంటుంది, మనకు దారి లేదు అంతే. నెల మొదటి తేదీన ఒక్క అంకె తగ్గకుండా అంతా కనబడింది.

డేటా బడి కంప్యూటరులోనే ఉండి రిపోర్టు క్లౌడులో ఉన్నవాళ్ళ సంగతి వేరు. క్లౌడు మన ఆఫీసులోకి తనంతట తాను రాలేదు కాబట్టి మధ్యలో గేట్‌వే అనే చిన్న సాఫ్టువేరు పెట్టాలి. ఫీజుల ఎక్సెల్ ఫైలుకు మేము పెట్టినాము. రిఫ్రెష్ ఉదయం 6 గంటలకు. మా అటెండరు సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి పోతాడు, అది ఆయన ధర్మం. కంప్యూటరు ఆరిపోతే గేట్‌వే కూడా ఆరిపోతుంది. రిఫ్రెష్ వేళను పొద్దున 10 గంటలకు మార్చినాక సరిపోయింది. నిద్రపోయే ల్యాప్‌టాపులో గేట్‌వే పెట్టవద్దు. దాన్ని అప్పుడప్పుడు కొత్త వెర్షనుకు మార్చుతూ ఉండాలి, చివరి 6 విడుదలలకే మైక్రోసాఫ్ట్ సహాయం ఇస్తుంది. రెండు నెలలు ఎవరూ తెరవని రిపోర్టుకు షెడ్యూలును పవర్ బీఐ తానే నిలిపివేస్తుంది. వేసవి సెలవుల తరువాత జూన్‌లో బడి తెరిచినప్పుడు ఇది తప్పక చూసుకోవాలి.

సర్టిఫికెట్టును నమ్మలేము అన్న ఎర్రర్ ఒక పాత కంప్యూటరులో మాత్రం వచ్చేది. పక్క కంప్యూటరులో అదే నెట్టు, అదే పాస్‌వర్డు, బాగా పనిచేసేది. ఇద్దరు వచ్చి చూసిపోయినారు. చివరకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "అయ్యా, ఇందులో తేదీ తప్పుగా ఉండాది" అన్నది. లోపల ఉండే నాణెమంత బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఏండ్ల వెనక్కి పోతున్నది. సర్వరు సర్టిఫికెట్టుకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. కంప్యూటరు దృష్టిలో ఆ సర్టిఫికెట్టు ఇంకా పుట్టనే లేదు. బ్యాటరీ మార్చినాము. మరీ పాత విండోస్ ఉన్న యంత్రాలలో గడియారం సరిగా ఉన్నా టీఎల్ఎస్ 1.2 లేకపోవడం వల్ల ఇట్లాంటి ఇబ్బంది రావచ్చు.

ఇక మన తెలుగు సంగతి. దీన్ని కనెక్షను తప్పు అనకూడదు గానీ, అందరూ దాన్నే నిందిస్తారు కాబట్టి చెబుతాను. రిపోర్టులో పిల్లల పేర్లకు బదులు ప్రశ్నార్థకాల వరుస వస్తే చాలామంది ఫాంటు లేదనుకుంటారు. ఫాంటు లేకపోతే సాధారణంగా ఖాళీ డబ్బాలు వస్తాయి. ప్రశ్నార్థకాలు వస్తే నష్టం డేటాబేసులో దాచేటప్పుడే జరిగింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌చార్ అనే రకం మామూలుగా తెలుగు అక్షరాలను దాచలేదు, ముందర ఎన్ చేర్చిన ఎన్‌వార్‌చార్ కావాలి. నేరుగా ఆదేశం రాసి పేరు చేర్చేటప్పుడు కొటేషను గుర్తుకు ముందు కూడా ఎన్ అక్షరం ఉండాలి, దాన్ని మరిచిపోతే కాలమ్ సరిగా ఉన్నా ప్రశ్నార్థకాలే. ఒకసారి అట్లా మారిన పేరు ఏ కనెక్షను బాగుచేసినా తిరిగి రాదు, రిజిస్టరు చూసి మళ్ళీ కొట్టవలసిందే. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళకు యూటీఎఫ్8 చాలు, తెలుగు అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లలో ఇముడుతుంది. వాట్సాప్ బొమ్మలకు 4 బైట్లు కావాలి కాబట్టి కొత్తగా చేసేవాళ్ళు యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోవడమే మంచిది.

మాతృభాష కాలమ్ గురించి కూడా ఒక మాట. తెలుగు పిల్లలు ఎందరు అని రిపోర్టును అడిగితే ఒకసారి మా తరగతులలో సగం మందిని చూపించింది. కనెక్షను బాగానే ఉన్నది. కొందరు తెలుగు లిపిలో రాసినారు, కొందరు ఇంగ్లీషులో హెచ్ పెట్టి, కొందరు పెట్టకుండా, కొందరు తమిళ ఉచ్చారణతో తెలుంగు అని. యంత్రానికి అవి నాలుగు భాషలు. అల్పసంఖ్యాక భాషా బడికి ఈ అంకె ఎంత ముఖ్యమో మీకు తెలియనిది కాదు. ఎందరు పిల్లలు ఉన్నారన్న లెక్క చూసే కదా తెలుగు ఉపాధ్యాయుని గురించి అడగగలము. ఇప్పుడు చేతితో రాసే అవకాశం తీసివేసి జాబితానించి ఎంచుకునేటట్టు చేసినాము. ప్రవేశ పత్రంలో ఆ గడిని ఖాళీగా వదలవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు అయితే తెలుగు అనే రాయండి.

వేరే సాఫ్టువేరు వాడేవాళ్ళకు సంఖ్యలు మారుతాయి, మెట్లు మారవు. మైఎస్‌క్యూఎల్ పోర్టు 3306, పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432. గూగుల్ లుకర్ స్టూడియో, 2022కు ముందు దాని పేరు డేటా స్టూడియో, బయటి డేటాబేసును అందుకోవాలంటే గూగుల్ ప్రకటించే ఐపీ చిరునామాల జాబితాను మన ఫైర్‌వాల్‌లో చేర్చాలి. ఓడీబీసీ ద్వారా కనెక్టు చేసేవాళ్ళు సాఫ్టువేరు 64 బిట్‌దయితే డ్రైవరు కూడా 64 బిట్‌దే ఉన్నదా అని చూడాలి. డ్రైవరు వేసినా "కనబడలేదు" అంటే ఎక్కువసార్లు ఇదే కారణం.

రిపోర్టు తెరుచుకోకపోతే, లేకుంటే తలమీది తేదీ పాతదయితే, ఆఫీసుకు చెప్పేటప్పుడు ఈ సంగతులు కలిపి చెప్పండి: ఎర్రర్ పెట్టె ఫోటో, అది వచ్చిన తేదీ, వేళ, ఇంటి వైఫైలో చూసినారా ఫోను నెట్టులోనా, ఇంతకుముందు ఎప్పుడు సరిగా తెరుచుకున్నది. ఫోటోలో బిడ్డ పేరు, నంబరు కనబడితే దాన్ని తరగతి వాట్సాప్ గుంపులో పెట్టవద్దు, ఆఫీసు నంబరుకు విడిగా పంపండి. పాస్‌వర్డు ఎవరికీ, నాకు కూడా, పంపవద్దు. స్మార్టు ఫోను లేనివాళ్ళు బడి పనివేళల్లో ఎప్పుడయినా వచ్చి హాజరు రిజిస్టరు చూడవచ్చు. రిపోర్టుకూ రిజిస్టరుకూ తేడా వస్తే మేము రిజిస్టరునే లెక్కలోకి తీసుకుంటాము.

— ప్రధానోపాధ్యాయుడు